టేపు కథ సరే, కత్తి సంగతేంటి?

మా అవ్వ వయసులో ఉన్నప్పుడు గూడూరు దగ్గర అభ్రకం షెడ్డులో కూలికి వెళ్లేది. గనిలోంచి వచ్చిన దిమ్మను ముందు పెట్టుకుని, పల్చటి కత్తి మొనను పక్కనుంచి దూర్చి, పొరలు పొరలుగా చీల్చడం ఆమె పని. మా ఊళ్లో దాన్ని అభ్రకం అని ఎవరూ అనరు, కాకి బంగారం అంటారు. వాన వెలిశాక గట్ల మీద తళుక్కుమనే రేకుల్ని ఏరుకొచ్చి గోటితో ఇంకా ఇంకా పల్చగా ఒలవడం చిన్నప్పుడు మా ఆట. ఎవరి రేకు పల్చనైతే వాళ్లు గెలిచినట్టు. అవ్వ ఈ ఆటను ఏనాడూ లెక్కచేసేది కాదు. "చీల్చేదానికేముంది అబ్బయా, అది చీలేదానికే పుట్టింది. అంచు కోసేటప్పుడు నెర్రె ఇచ్చిందా, రేటు సగానికి పడిపోద్ది" అనేది.

అభ్రకానికి గ్రేడు కట్టేటప్పుడు ముఖ్యంగా చూసేది కూడా అదే. మచ్చా నెర్రే లేకుండా ఆ రేకులోంచి ఎంత పెద్ద దీర్ఘచతురస్రం తీయొచ్చు అన్నదే లెక్క. పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల తీగ చుట్టిన బిళ్ల కనిపిస్తుంది కదా, అది అలా కోసిన ముక్కే.

పీహెచ్‌డీలో ఆరేళ్లు నేను చేసిందీ ఇదే పని, కాకపోతే ఇంకా పల్చటి సరుకుతో. గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్, బోరాన్ నైట్రైడ్. ఇవన్నీ కాకి బంగారానికి దూరపు చుట్టాలు. పొర లోపల పరమాణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి, పొరకూ పొరకూ మధ్య పట్టు మాత్రం అంతంత మాత్రం. గ్రాఫైట్‌లో ఒక పొర నుంచి పక్క పొరకు దూరం 0.335 నానోమీటర్లు. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒక్క పొర మందం దాదాపు 0.65 నానోమీటర్లు. ఇంతకంటే పల్చన చేయడానికి అక్కడ ఇంకేమీ మిగలదు.

ఇప్పుడు పోస్ట్‌డాక్‌గా ఉన్నాను. పెళ్లిళ్లలో, పండగలకి ఊరెళ్లినప్పుడు ఎవరైనా నా పని గురించి అడిగితే, గ్రాఫీన్ (గ్రాఫైట్‌లోంచి తీసిన ఒక్క పొర) అనగానే కాస్త చదువుకున్నవాళ్ల ముఖం వెలుగుతుంది. "ఆ, పెన్సిల్ ముక్కా, సెలోటేపూ! దానికే కదా నోబెల్ ఇచ్చారు" అంటారు. అవునండీ, దానికే. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ బృందం టేపుతో గ్రాఫైట్‌ని ఒలిచి ఒక్క పొరను పట్టుకున్నారు, 2010లో భౌతికశాస్త్రం నోబెల్ వచ్చింది. కథ బాగుంటుంది. పిల్లలకి చెప్పొచ్చు, పత్రికలో రాయొచ్చు, వంటింటి బల్ల మీద చేసి చూపించొచ్చు. నా గొడవల్లా ఆ కథ అక్కడే ఆగిపోవడంతో.

ఆ 2004 పరిశోధన పేపరు వెనక జతచేసిన వివరాలు చదివినవాళ్లు తక్కువ. చదివితే ఒక చిన్న ఆశ్చర్యం ఉంటుంది. వాళ్లు నేరుగా గ్రాఫైట్ దిమ్మకు టేపు అంటించలేదు. ముందు ఆక్సిజన్ ప్లాస్మాతో, అంటే విద్యుత్తుతో వెలిగించిన ఆక్సిజన్ గ్యాసుతో, ఆ దిమ్మ పైభాగాన్ని చెక్కి, 5 మైక్రాన్ల ఎత్తున్న చదరపు తిన్నెలు నిలబెట్టారు. వాటిని ఫోటోరెసిస్ట్ (వెలుతురు పడితే గుణం మారే పూత) మీద అదిమి, వేడిచేసి, అంటుకున్న వాటి మీదనుంచి టేపుతో పొరలు లాగారు. దొరికిన పొరలో కొలతలు తీయడానికి మళ్లీ లితోగ్రఫీ (అలాంటి పూత మీద ఆకారం గీయడం), మళ్లీ చెక్కుడు. అంటే టేపుకి ముందొక కత్తి ఉంది, టేపు తరవాతా కత్తి ఉంది. 1999లోనే అమెరికాలో రాడ్నీ రువాఫ్ బృందం కూడా ఆక్సిజన్ ప్లాస్మాతో గ్రాఫైట్‌ని చిన్న చిన్న స్తంభాలుగా చెక్కి, వాటిని పక్కకు రుద్ది పొరలు విడదీసే ప్రయత్నం చేసింది. ఈ రంగం చెక్కుడుతో మొదలైందంటే తప్పేం లేదు. పేరు మాత్రం టేపుకి దక్కింది.

ఇది పేరు కోసం పోట్లాట అనుకోకండి. ఈ కథ వల్ల పని ఎక్కడ కష్టమో జనానికే కాదు, మా రంగంలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లకీ తెలియకుండా పోతోంది. మంచి పొర దొరికితే చాలు, మిగతాదంతా "ఫ్యాబ్", మామూలు తయారీ పని అనుకుని వస్తారు. ఒక్క పొర మందమే ఉన్న సరుకులో అంచే సగం భౌతికశాస్త్రం. ఆ అంచును తయారుచేసేది ఎచింగ్, అంటే ఈ చెక్కుడే. దాన్ని పేపర్లోని పద్ధతుల విభాగంలో ఒక్క లైనుకి కుదించి పెట్టడం మనల్ని మనం మోసం చేసుకోవడమే అని నా వాదన.

ముందు ఈ కత్తి ఎలా తెగుతుందో చెప్పాలి. తక్కువ పీడనంలో ఒక గ్యాసు వదిలి, దానికి రేడియో తరంగాల విద్యుత్తు ఇస్తే ప్లాస్మా వెలుగుతుంది. అందులో రెండు రకాల పనివాళ్లు ఉంటారు. ఒకరు రాడికల్స్. ఎటు పడితే అటు తిరుగుతూ, తగిలిన పరమాణువుతో రసాయనికంగా కలిసిపోతారు. రెండోవాళ్లు అయాన్లు. నిటారుగా పైనుంచి వచ్చి గుద్దుతారు. గ్రాఫీన్‌కి ఆక్సిజన్ చాలు, కార్బన్ అంతా కార్బన్ మోనాక్సైడో డయాక్సైడో అయి లేచిపోతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్‌కి ఫ్లోరిన్ ఉన్న గ్యాసు కావాలి. కారణం సులువైనదే. మాలిబ్డినం హెక్సాఫ్లోరైడ్ 34 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది, టంగ్‌స్టన్ హెక్సాఫ్లోరైడ్ అయితే 17 డిగ్రీలకే. బోరాన్ నైట్రైడ్‌లో బోరాన్ ట్రైఫ్లోరైడ్‌గా పోతుంది, నైట్రోజన్ ఎలాగూ గ్యాసే. మొత్తానికి చెక్కిన పొడి గాలై ఎగిరిపోవాలి. పోకపోతే అక్కడే పేరుకుంటుంది.

సిలికాన్ పరిశ్రమ ఈ విద్యలో ఆరితేరింది. కానీ అక్కడ చెక్కేది లోతైన సరుకు. రెండు నానోమీటర్లు ఎక్కువ దిగితే తట్టుకునే చోట్లు బోలెడు. ఇక్కడ రెండు నానోమీటర్లంటే మాలిబ్డినం డైసల్ఫైడ్‌లో మూడు పొరలు. పైగా అయాన్ల దెబ్బ సంగతి ఉంది. గ్రాఫీన్‌లో ఒక కార్బన్ పరమాణువును దాని చోటునుంచి తన్ని తగిలెయ్యడానికి 20 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టుపక్కల శక్తి సరిపోతుంది. మామూలు ఎచింగ్ మెషీన్‌లో అయాన్లు వందా అంతకు మించిన శక్తితో దిగడం మామూలే. గోడకి మేకు కొట్టే సుత్తితో గడియారం బాగుచేయడం అంటే ఏమిటో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

నా సొంత అనుభవం ఒకటి. మూడు వారాలు కూర్చుని ఒక పేర్పు చేశాను. కింద బోరాన్ నైట్రైడ్, మధ్యలో గ్రాఫీన్, పైన మళ్లీ బోరాన్ నైట్రైడ్. ఈ బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలు ఎక్కడ పడితే అక్కడ దొరకవు. జపాన్‌లో త్సుకుబాలోని జాతీయ సంస్థలో వతనబె, తనిగుచి అనే ఇద్దరు అధిక పీడనంలో పెంచినవే ప్రపంచంలో చాలా ల్యాబులు వాడతాయి. అంత విలువైన సరుకు. రాత్రి 11 గంటలకి ఎచింగ్ స్లాట్ దొరికింది. రెసిపీ ఒక పేపర్లోంచి తీసుకున్నాను. గ్యాసుల పేర్లు ఉన్నాయి, వాటి నిష్పత్తి ఉంది, పవర్ ఉంది. అంతే. నాకంటే ముందు ఆ ఛాంబర్లో ఎవరో వేరే పదార్థం చెక్కారు. గోడలకి ఏదో పేరుకుని ఉంది. నాకది తెలియదు, అడగాలనీ తోచలేదు. 45 సెకన్లలో అవ్వాల్సింది అవలేదు. ఇంకో 45 ఇచ్చాను. అప్పటికీ అంచు రంగు మారలేదనిపించి ఇంకో నిమిషం ఇచ్చాను.

బయటికి తీసి అసిటోన్‌లో వేస్తే రెసిస్ట్ (చెక్కకూడని చోటుని కాపాడే పూత) వదలదు. అట్టు పెనానికి మాడి అంటుకున్నట్టు అంటుకుపోయింది. ప్లాస్మా వేడికీ దెబ్బకీ పైతోలు గట్టిపడి, ఏ ద్రావకానికీ లొంగని పొర అయిపోయింది. గీకడానికి లేదు, కింద ఉన్నది ఆ పేర్పు కదా. మైక్రోస్కోప్‌లో చూస్తే నేను గీసిన 500 నానోమీటర్ల దారి ఒకచోట 300 ఉంది, ఒకచోట తెగే ఉంది. మా గైడు ఫోటో చూసి "సరే, ఇంకోటి చెయ్" అన్నారు. ఆయన్ని అనేదేం లేదు, అందరూ అదే అంటారు. థీసిస్‌లో ఆ మూడు వారాలకి చోటు లేదు. మరుసటి రోజు పొద్దున ఆ మెషీన్ వాడిన అమ్మాయికి నేనూ ఛాంబర్ సంగతి చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అంచు పాడైతే ఏమవుతుందో మా రంగానికి మొదట గట్టిగా తెలిసింది 2007లో. గ్రాఫీన్‌కి బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల ఖాళీ) ఉండదు, అంటే ట్రాన్సిస్టర్‌ని పూర్తిగా ఆపలేం. సన్నటి రిబ్బన్‌లా కోస్తే గ్యాప్ వస్తుందని సిద్ధాంతం ముందే చెప్పింది. 1996లో నకాడా, ఫుజితా, డ్రెసెల్‌హౌస్‌లు రాసిన పేపర్లో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. రిబ్బన్ అంచు ఏ దిక్కున తెగింది అన్నదాన్ని బట్టి దాని ఎలక్ట్రాన్ల స్వభావమే మారిపోతుంది. రంపపు పళ్లలా తెగితే జిగ్‌జాగ్, కుర్చీ చేతుల్లా తెగితే ఆర్మ్‌చెయిర్. సరే, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫిలిప్ కిమ్ బృందం ఆక్సిజన్ ప్లాస్మాతో పదుల నానోమీటర్ల వెడల్పులో రిబ్బన్లు కోసి, రకరకాల కోణాల్లో పెట్టి కొలిచింది. వెడల్పు తగ్గేకొద్దీ గ్యాప్ పెరిగింది, బాగుంది. కానీ దిక్కు మార్చితే ఏ తేడా లేదు. స్ఫటికంలో జిగ్‌జాగ్ దిక్కు పట్టుకుని కోసినా, ఇంకో దిక్కున కోసినా ఒకటే. ఎందుకంటే అది కోత కాదు, కొరుకుడు. ఎలుక కొరికిన కాగితానికి ఏ దిక్కు ఉంటుంది? ఆ తరవాత చాలా బృందాలు తేల్చింది ఏమిటంటే, ఆ గ్యాప్‌లో పెద్ద భాగం గరుకు అంచుల దగ్గర ఎలక్ట్రాన్లు చిక్కుకుపోవడం వల్ల వచ్చిందే. సిద్ధాంతం చెప్పిన గ్యాప్ వేరు, వీళ్లకి కనిపించింది వేరు.

చిన్న లెక్క వేసి చూడండి. 10 నానోమీటర్ల వెడల్పున్న జిగ్‌జాగ్ రిబ్బన్‌లో అడ్డంగా లెక్కపెడితే దాదాపు 47 కార్బన్ వరసలు. అందులో అంచున ఉన్నవి రెండే. శుభ్రంగా తెగితే ఆ రెండు వరసలే తేడా. ప్లాస్మా ఒక్కో పక్క 2 నానోమీటర్ల మేర పాడుచేసిందనుకుంటే 40 శాతం రిబ్బన్ పోయినట్టే. అప్పుడు మనం కొలిచేది గ్రాఫీన్‌నా, మన ఎచింగ్ మెషీన్‌నా?

దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. 2013లో కొలంబియా వాళ్లే, బోరాన్ నైట్రైడ్ల మధ్య గ్రాఫీన్ పెట్టిన పేర్పును పైనుంచి కిందిదాకా చెక్కారు. ట్రైఫ్లోరోమీథేన్, ఆక్సిజన్ కలిపిన ప్లాస్మా. పక్కగోడ బయటపడింది. ఆ గోడలో గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం గీత. లోహాన్ని ఆ గీతకి తగిలించారు. అంతదాకా అందరూ గ్రాఫీన్ పైముఖానికి లోహం పూసేవాళ్లు, విశాలంగా ఉంటుంది కదా అని. తీరా చూస్తే గీతకి తగిలించిన కనెక్షనే మెరుగు! పైముఖానికి రెసిస్ట్ ఎక్కడా తగలలేదు, మురికి అంటలేదు, ఎలక్ట్రాన్లు గది ఉష్ణోగ్రతలో సిద్ధాంతం అనుమతించే హద్దుకి దగ్గరగా పరిగెత్తాయి. ఈ రంగంలో ఆ తరవాత వచ్చిన గొప్ప కొలతల్లో ఎన్నింటికో ఈ అంచు కనెక్షనే ఆధారం. అది ఒక చెక్కుడు విజయం. కానీ దాన్ని చెప్పేటప్పుడు "క్లీన్ శాంపిల్" అంటారు, "మంచి ఎచ్" అనరు.

డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ఇదే దారిలో ఇంకొంచెం ముందుకు పోయారు. బోరాన్ నైట్రైడ్ దుప్పటి కప్పిన గ్రాఫీన్‌లో దాదాపు 20 నానోమీటర్ల రంధ్రాలు, 35 నానోమీటర్లకి ఒకటి చొప్పున, జల్లెడలా తొలిచారు. అంత దగ్గర దగ్గరగా తొలిస్తే మిగిలేది చిత్తే అని అంతకుముందు చాలామంది అనుకున్నారు, అలా చిత్తయిన శాంపిల్స్ చూసి. ఈసారి మాత్రం జల్లెడ వల్ల మారిన బ్యాండ్ నిర్మాణం (ఎలక్ట్రాన్ల శక్తుల అమరిక) కొలతల్లో కనిపించింది. దుప్పటి కాపాడింది, ఎచింగ్ శుభ్రంగా జరిగింది. గ్రాఫీన్ కొత్తది కాదు, సిద్ధాంతం కొత్తది కాదు. కోత కొత్తది.

ఇక నాకు ఈ విద్యలో అన్నిటికంటే అందంగా అనిపించే భాగానికి వస్తాను. మనం ఎంత జాగ్రత్తగా గీసినా రెసిస్ట్ మీద ఎలక్ట్రాన్ బీమ్ గీసే గీత పరమాణువుల లెక్కలో చూస్తే వంకరే. రెసిస్ట్ అణువులే పెద్దవి. మరి సూటిగా కోసేది ఎవరు? స్ఫటికమే. ఏ అంచు స్థిరమో దానికి తెలుసు. బలహీనమైన అంచు త్వరగా కరుగుతుంది, గట్టి అంచు నిలుస్తుంది. మెల్లగా, మర్యాదగా చెక్కే పద్ధతి దొరికితే, మనం తొలిచిన గుండ్రటి రంధ్రం తనంతట తానే మూలలు తేలుతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్‌ని గాలిలో 300 డిగ్రీలకి పైన వేడిచేస్తే త్రిభుజాకారపు గుంటలు పడతాయి. ఎవరూ గీయలేదు. గ్రాఫీన్‌ని హైడ్రోజన్ ప్లాస్మాలో పెడితే షడ్భుజాలు, అంచులన్నీ జిగ్‌జాగ్. బీజింగ్‌లోని భౌతికశాస్త్ర సంస్థ వాళ్లు 2010లో ఇది చూపించారు. 2020లో స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసింది చూస్తే నవ్వొస్తుంది, అంత సులువు. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్‌లో మామూలుగా గుండ్రటి రంధ్రాలు తొలిచి, హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా కలిపిన నీళ్లలో వేశారు. రంధ్రాలు షడ్భుజాలైపోయాయి, అంచులు జిగ్‌జాగ్. పుండు కడిగే మందు పేరున్న సీసా, ముక్కు మండించే ఘాటున్న సీసా. కోట్ల రూపాయల మెషీన్ చేయలేనిది ఆ తొట్టిలో జరిగింది.

2021లో మళ్లీ ఆ డెన్మార్క్ వాళ్లే పొడి పద్ధతిలో, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ప్లాస్మాతో ఇలాంటిదే సాధించారు. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ అన్నిటికంటే బుద్ధిగా షడ్భుజాలిస్తుంది, మాలిబ్డినం డైసల్ఫైడ్ అంత మాట వినదు. బోరాన్ నైట్రైడ్ తీరు వేరే. దానికి పైనుంచి చూస్తే దిక్కు పట్టింపు లేదు కానీ గోడ ఎప్పుడూ ఒకే వాలుతో దిగుతుంది. దాంతో పైన పెద్దగా తొలిచిన రంధ్రం కిందికి వచ్చేసరికి చిన్నదవుతుంది, మూలలు పదునెక్కుతాయి. బీమ్ గీయలేనంత చిన్న ఆకారం కింద గ్రాఫైట్ మీద పడుతుంది. నేను గత రెండేళ్లుగా మునిగింది ఈ టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ షడ్భుజాల్లోనే.

లోతు సంగతి ఇంకోటి. ఒక్క పొర తీసి ఆగడం ఎలా? 2011లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం వాళ్లు గ్రాఫీన్ మీద జింకు చల్లి, దాన్ని పల్చటి యాసిడ్‌తో కడిగారు. జింకుతో పాటు సరిగ్గా ఒక్క పొర ఊడొచ్చింది. మళ్లీ చేస్తే ఇంకో పొర. 2018లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు జినాన్ డైఫ్లోరైడ్ ఆవిరి వాడారు. ప్లాస్మా లేదు, గుద్దుడు లేదు. అది బోరాన్ నైట్రైడ్‌నీ మాలిబ్డినం డైసల్ఫైడ్‌నీ తినేస్తుంది, గ్రాఫీన్ దగ్గరికొచ్చి ఆగిపోతుంది. గ్రాఫీన్ పైన ఫ్లోరిన్ అంటుకుంటుంది తప్ప కార్బన్ పోదు. ఒక్క పరమాణువు మందం పొర గోడలా నిలబడి చెక్కుడుని ఆపడం! దక్షిణ కొరియా వాళ్లు మాలిబ్డినం డైసల్ఫైడ్‌ని క్లోరిన్‌తో నానబెట్టి, తక్కువ శక్తి ఆర్గాన్‌తో తట్టి, ఒక చక్రానికి ఒక పొర చొప్పున తీశారు. మైక్సీన్లు అనే ఇంకో పల్చటి పదార్థాల కుటుంబం గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. అక్కడ 2011లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు టైటానియం, అల్యూమినియం, కార్బన్ ఉన్న దిమ్మలోంచి అల్యూమినియం పొరల్ని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో కరిగించేసి, మిగిలిన పొరల్నే కొత్త పదార్థం అన్నారు. అక్కడ చెక్కుడే పుట్టుక.

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో పస ఉంది. "కోయడం ఎందుకయ్యా, కోయాల్సిన అవసరం లేకుండా పెంచొచ్చుగా" అంటారు. 2010లో స్విట్జర్లాండ్‌లోని ఎంపా అనే పరిశోధన సంస్థ, జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు కలిసి, బంగారం ఉపరితలం మీద అణువుల్ని ఒకదానికొకటి గొలుసులా అతికించి పరమాణువు తేడా లేని గ్రాఫీన్ రిబ్బన్లు తయారుచేశారు. అంచులు అద్దం. నేను ఒప్పుకుంటాను, ఆ అంచుని ఏ కత్తీ ఇవ్వలేదు. కానీ ఆ రిబ్బన్లు ఎక్కడ పుట్టాలో, ఎటు తిరిగి పడుకోవాలో మనం చెప్పలేం. బంగారం మీదనుంచి తీసి వేరేచోట పరచాలి. సర్క్యూట్ అంటే ఫలానా చోట ఫలానా ముక్క ఉండటం.

ఇంకొందరు "ప్రాసెసర్లే చేసేశారు, ఇంకా అంచు అంచు అంటావేంటి" అంటారు. నిజమే. 2017లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు 115 మాలిబ్డినం డైసల్ఫైడ్ ట్రాన్సిస్టర్లతో 1 బిట్ ప్రాసెసర్ చేశారు. 2025లో చైనాలో ఫూడాన్ విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు 5,900 ట్రాన్సిస్టర్లతో 32 బిట్ ప్రాసెసర్ చేశారు. నాకూ సంతోషమే. అయితే అవి మైక్రాన్ల (వేల నానోమీటర్ల) స్థాయి ట్రాన్సిస్టర్లు. అంత వెడల్పులో అంచు పాడైనా నడిచిపోతుంది, పది ఎకరాల చేలో గట్టు పక్క మూర నేల పోయినట్టు. ఈ పదార్థాల కోసం ఇంటెల్, టీఎస్‌ఎంసీ లాంటివాళ్లు తాపత్రయపడేది సిలికాన్ చిక్కిపోయే కొలతల్లో పనికొస్తాయని. ఆ కొలతల్లో చేను అంతా గట్టే.

అందుకే నాకు పద్ధతుల విభాగం చూస్తే ఒళ్లు మండుతుంది. "ఆక్సిజన్ ప్లాస్మాతో ప్యాటర్న్ చేశాం." ఎంత పీడనం? అయాన్ల శక్తిని నిర్ణయించే బయస్ ఎంత వచ్చింది? పవర్ అంకె రాస్తారు, మెషీన్ మారితే అదే పవర్‌కి బయస్ మారిపోతుంది, కాబట్టి ఆ అంకె నాకు ఎందుకూ కొరగాదు. ముందు ఛాంబర్‌లో ఏం నడిచింది? డమ్మీ వేఫర్ (ఉత్తుత్తి బిళ్ల) మీద ఎంతసేపు నడిపి సర్దారు? ఎన్ని శాంపిల్స్ పాడయ్యాక ఈ ఫోటో వచ్చింది? మా అమ్మ ఆవకాయ ఎలా పెట్టాలో చెప్పేటప్పుడు కూడా "ఎండ చూసుకో, జాడీ తడి లేకుండా తుడుచుకో" అంటుంది. మనం పాళ్లు రాసి జాడీ సంగతి వదిలేస్తున్నాం.

మన దేశంలో దీనికి కొంత దారి ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయిల్లో మొదలైన ఐనప్ (నానో ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్ని బయటివాళ్లకి తెరిచే) పథకం కింద సొంత క్లీన్‌రూమ్ (దుమ్ము లేని ల్యాబు) లేని కాలేజీల వాళ్లు కూడా వెళ్లి పని చేసుకోవచ్చు. మంచి ఆలోచన, దానివల్ల బాగుపడ్డవాళ్లని చూశాను. కానీ ఎక్కడో జిల్లా కాలేజీ నుంచి వచ్చిన విద్యార్థికి ఉండేది కొద్ది రోజులు. ఆ రోజుల్లో నాలుగోవంతు ఎచ్ రేటు (చెక్కుడు వేగం) కొలవడానికి అని ప్రాజెక్టు ప్లాన్‌లో రాసుకున్నవాళ్లని నేను ఒక్కరినీ చూడలేదు. రాస్తే "ఇదేంటి, రీసెర్చ్ ఎక్కడ" అంటారేమోనని భయం. నా సలహా అడిగినవాళ్లకి మొదటి రోజు పూర్తిగా పనికిరాని ఫ్లేకుల్ని (ఒలిచిన రేకుల్ని) చెక్కమంటున్నాను, మంచి ఫ్లేకుని పెట్టెలోంచే తీయొద్దంటున్నాను. ఇద్దరు విన్నారు. ఒకతను వినలేదు, ఫోన్ చేసి అరగంట బాధపడ్డాడు.

నేను వాడే మెషీన్ పక్కన ఇప్పుడొక నోటుబుక్కు వేలాడుతోంది. తేదీ, గ్యాసు, పదార్థం, బయస్, "ఏం చెడింది" అని ఐదు గళ్లు. మొదట్లో నేనొక్కడినే నింపేవాణ్ణి. ఇప్పుడు మిగతా గళ్లు అందరూ నింపుతున్నారు, చివరి గడి మాత్రం ఇంకా ఖాళీగానే వదిలేస్తున్నారు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అవ్వకి ల్యాప్‌టాప్‌లో నా కొత్త ఫోటో చూపించాను. గ్రాఫీన్ మీద పరిచిన టంగ్‌స్టన్ డైసల్ఫైడ్, అందులో వరసగా షడ్భుజాలు, తేనెపట్టులా. ఆమెకి చూపు సరిగా ఆనదు. తెరకి బాగా దగ్గరగా వచ్చి, వేలితో ఒక షడ్భుజం అంచు చుట్టూ రాసింది. "బాగా తెగిందే" అంది. నేను లోలోపల పొంగిపోయాను. ఆమె వేలు షడ్భుజం మధ్యలోకి వెళ్లి ఆగింది.

"కింద పొర గీసుకుపోలేదా?"

లేదవ్వా, కింద గ్రాఫీన్ ఆ గ్యాసుకి అంత తొందరగా పోదు అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి మురిసిపోయాను తప్ప రంధ్రం అడుగున రామన్ (లేజర్ వెలుతురుతో పొరను పరీక్షించే కొలత) తీయలేదు. గ్రాఫీన్ దెబ్బతింటే రామన్‌లో 1350 దగ్గర డీ పీక్ లేస్తుంది, పది నిమిషాల పని. అవ్వ అప్పటికే లేచి చిక్కుడుకాయలు ఒలిచే పనిలో పడింది.

సెలవులయ్యాక సోమవారం పొద్దున్నే స్లాట్ తీసుకుని చూశాను. 1350 దగ్గర పీక్ ఉంది, చిన్నదేం కాదు. నోటుబుక్కులో చివరి గడి నింపి వచ్చాను.